కొక్కెం మారిన వైరు

అల్లూరు దాటాక, కోతలైన మళ్ల పక్కన, రోడ్డు వారగా ఆ రైలుపెట్టె నిలిచి ఉంది. నిజానికి అది రైలుపెట్టె కాదు. యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీవాళ్లు వేలం వేసిన ట్రైలరు. పదహారు అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు, పైన రేకు కప్పు, రెండు పక్కలా చిన్న కిటికీలు. జీపు వెనక తగిలించుకుని ఊరూరా తిరిగే ఆ పెట్టెను పిల్లలు రైలుపెట్టె అన్నారు. పెద్దవాళ్లకూ ఆ పేరే అలవాటైంది. అల్లూరు మొదలు చిట్టమూరు దాకా సముద్రపు ఒడ్డు ఊళ్లలో పెళ్లికి మైకు పలకాలన్నా, తిరునాళ్లకు లైట్లు వెలగాలన్నా చెంగయ్య రైలుపెట్టె రావలసిందే. కరెంటు స్తంభాలు ఇంకా పెద్ద ఊళ్లు దాటని రోజులవి.

కామాక్షమ్మ కళ్లు తెరిచేసరికి బయట మంచు విడిపోలేదు. కిటికీలోంచి పాలచారలాంటి వెలుగు లోపలికి జారి, పైకప్పు కింద వరసగా ఉన్న తొమ్మిది కొక్కేల మీద పడుతోంది. ఒక్కో కొక్కేనికి ఒక్కో వైరు చుట్ట. కొన్ని నల్లవి, కొన్ని ఎర్రవి, కొన్ని రెండు పేటలుగా మెలివేసినవి. ఏడాది క్రితం కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె వాటిని చూస్తూ పడుకుని, ఏవో పెద్ద పక్షులు రెక్కల్లో తలలు దాచుకుని నిద్రపోతున్నాయని ఊహించుకునేది. ఇప్పుడామెకు ఆరో నెల. లేచినప్పుడల్లా ఒక చుట్ట నుదుటికి తగులుతుంది. కాలు చాపితే బల్బుల పెట్టె తగులుతుంది. బుచ్చిరెడ్డిపాలెంలో ఆమె పుట్టింటి వడ్లగది ఒక్కటే ఈ పెట్టెకు రెండింతలుండేది.

"అమ్మాయ్, టెస్టరు యాడ పెట్టినావు?"

గుమ్మంలో నిలబడి అడిగాడు మామ చెంగయ్య. అరవై రెండేళ్ల మనిషి. బక్కపలచగా, నిటారుగా ఉంటాడు. తలుపు పక్కన గోడకు కొట్టిన తోలుపట్టీలో చేయి పెట్టి వెతుకుతున్నాడు.

"చిమ్మేటప్పుడు కిటికీ మీద పెట్టినా మామా. మీ చేతి పక్కనే ఉండాది చూడండి."

ఆయన చేయి కిటికీ అంచు మీద మెల్లగా పాకి టెస్టరును పట్టుకుంది. "తీసింది తీసిన చోటే పెట్టాలని ఎన్నిసార్లు చెప్పినా?"

"జానెడు దూరమే కదా మామా."

"జానెడైనా దూరమే." ఆ మాట కటువుగా వచ్చిందని ఆయనకే అనిపించినట్టుంది. గొంతు తగ్గించాడు. "నొచ్చుకోబాకమ్మా. ఇది ఇల్లు కాదు, కరెంటు సామాను పెట్టె. అందులో మనం కాస్త చోటు అడుక్కుని ఉంటాండాం, అంతే."

ఆయన చెడ్డవాడు కాడని కామాక్షమ్మకు తెలుసు. ఆమె నెల తప్పిందని తెలిసిన రోజే, ఎవరూ చెప్పకుండా, జీపు సీటు మీద నాలుగు గోనెపట్టలు మడిచి మెత్తగా కుట్టాడు. కానీ సామాను దగ్గరికొస్తే మాత్రం వేరే మనిషి అయిపోతాడు. చెంబు ఇక్కడే ఉండాలి, అగ్గిపెట్టె అక్కడే ఉండాలి. వైర్లు సరేసరి. ఒక కొక్కేనిది ఇంకో కొక్కేనికి పోకూడదు.

"నాయన అంతేలే," అన్నాడు ఆమె భర్త హజరత్తయ్య పళ్లు తోముకుంటూ. "చీపురు గూడా ఒకే దిక్కుకు పడుకోవాలంటాడు."

"నవ్వుతారేంది? పురుడుకు పుట్టింటికి పోయినా, మూడో నెలకు బిడ్డనెత్తుకుని ఈడికే కదా రావాల? ఉయ్యాల యాడ కడతారు?"

హజరత్తయ్య పైకి చూశాడు. కొక్కేలన్నీ నిండి ఉన్నాయి. "చూద్దాంలే," అన్నాడు. ఏ సంగతి అడిగినా అతని మొదటి మాట అదే.

ఎల్లుండి ఇసకపల్లిలో పెళ్లి ఉంది. బల్బులు కొనడానికి తండ్రీకొడుకులిద్దరూ జీపులో నెల్లూరు బయలుదేరారు. జీపు దుమ్ము సద్దుమణిగాక ఆ మళ్ల మధ్య కామాక్షమ్మ ఒక్కతే మిగిలింది. గడ్డివాముల వాసన, ఎక్కడో కొంగల అరుపు, లేత ఎండ. లోపలికి వచ్చి నడుముకు చెంగు బిగించింది.

ముందు చుట్టలన్నీ దించింది. పొడవును బట్టి వేరు చేసింది. పొడుగువన్నీ వెనక గోడ వైపు కొక్కేలకు రెండేసి చొప్పున తగిలించింది. పాత చీర అంచులు చించి గుర్తులు కట్టింది. కరెంటు పుట్టించే ఇంజను నుంచి వచ్చే లావు వైర్లకు ఎర్రపీలిక, మైకు వైర్లకు ఆకుపచ్చ, వరస బల్బుల వాటికి పసుపు. పని చేసే కొద్దీ ఆమెకు హుషారు ఎక్కువైంది. ఎడమ బల్ల కింద, బాగా లోపలికి, ఒక చెక్కపెట్టె కనిపించింది. తీసి చూస్తే అందులో ఒకే ఒక్క లావు వైరు చుట్ట, నల్ల టేపు, కాసిన్ని గుడ్డపేలికలు. ఒక్క చుట్టకు ఇంత పెట్టె దండగ కదా అనుకుంది. ఆ చుట్టను కూడా విప్పకుండానే పైపైన దుమ్ము దులిపి, ఎర్రపీలిక కట్టి, దాని జాతి వైర్ల పక్కన తగిలించింది. చెక్కపెట్టెలో పాత పంచెలు మెత్తగా మడిచి పెట్టింది. బిడ్డకు పొత్తిళ్లకు పనికొస్తాయి.

మధ్యాహ్నానికి పెట్టె మధ్యలో ఒక మనిషి కాళ్లు చాపి పడుకునేంత చోటు దొరికింది. ఆమె అక్కడే వెల్లకిలా పడుకుంది. తలుపులోంచి ఆకాశం కనిపిస్తోంది. మబ్బులు సముద్రం వైపు నుంచి మెల్లగా వస్తున్నాయి. ఇంకో ఏడాదికి ఈ చెక్కనేల మీద చిన్న చిన్న పాదాలు తప్పటడుగులు వేస్తాయి అనుకుంటూనే నిద్రపోయింది.

సాయంత్రం వచ్చిన హజరత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓయబ్బ! ఇది మన పెట్టేనా? నాయనా, ఇట్ట రా, చూడు! కాలు పెట్టేదానికి చోటుంది!"

చెంగయ్య పైకెక్కాడు. అలవాటుగా తలుపు పక్కన మొదటి కొక్కేనికి చేయి చాచాడు. చేతికి గాలి తగిలింది. రెండో కొక్కెం. అదీ ఖాళీ. చాచిన చేయి అలాగే ఉండిపోయింది.

"ఎవురు తీసినారు?" అన్నాడు చాలా మెల్లగా.

"నేనే మామా. ఎర్రపీలికలవి ఇంజనువి, ఆకుపచ్చవి మైకువి. ఇంక వెతుక్కునే పనే లేదు. చూడండి, ఎంత తేటగా ఉండాదో!"

ఆయన చూడలేదు. "ఎట్టున్నవి అట్ట పెట్టెయ్యమ్మా," అన్నాడు.

కామాక్షమ్మ మొహం వాడిపోయింది. హజరత్తయ్యకు భార్య మీద జాలి వేసింది. "ఎందుకు నాయనా? పొద్దుటి నుంచి ఒంటి మనిషి చాకిరీ చేసింది. బాగానే ఉండాది కదా. నువ్వొకడివి, అంతా నీ మాటే చెల్లాల."

చెంగయ్య ఏదో చెప్పబోయి ఆగాడు. చివరికి గుమ్మం పట్టుకుని దిగిపోయి, బయట తన నులక మంచం మీద కూర్చున్నాడు. ఆ పూట అన్నం సగమే తిన్నాడు. మామకు కోపం వచ్చిందనే ఆమె అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి రైలుపెట్టె ఇసకపల్లి చేరింది. సరుగుడు తోపు అవతల సముద్రం. గాలి ఆకుల్లో సన్నగా ఊళ వేస్తోంది. పెళ్లికూతురి తల్లి రాఘవమ్మ ఎదురొచ్చింది. ఊళ్లో మంచి మాగాణి ఉన్న కుటుంబం ఆమెది. గట్టి గొంతు, తొందర మనిషి.

"ఏంది చెంగన్నా, ఇంత పొద్దుపోయి వచ్చినారు? మగపెళ్లివారు దిగే పొద్దుకు లైట్లు వెలగాల!"

"వెలుగుతాయి రాఘవమ్మగారూ. మీరు పొయ్యి వేరే పని చూసుకోండి."

దుమ్ము లేవకుండా పందిట్లో ఇసుక మీద నీళ్లు చల్లారు. హజరత్తయ్య బయట మైకు బాకా కోసం ఇనపగొట్టం నిలబెడుతున్నాడు. ఇంజను నుంచి పందిరి దాకా లావు వైరు పరిచే పని ఎప్పుడూ చెంగయ్యదే. ఆయన పెట్టెలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. రాఘవమ్మ మళ్లీ కేకేసింది. అప్పుడొక ఎర్రపీలిక చుట్టతో దిగి, గబగబా విప్పుకుంటూ పరిచాడు. ఇంజను దగ్గరికి వెళ్లి స్టార్టు చేశాడు.

పొద్దు వాలుతోంది. పందిట్లో బల్బులన్నీ ఒక్కసారి వెలిగాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అదే క్షణంలో హజరత్తయ్య గట్టిగా అరిచాడు. ఇనపగొట్టం పట్టుకున్న అతని చేయి దానికే అతుక్కుపోయింది. ఒళ్లంతా వణుకుతోంది. ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాలేదు. కామాక్షమ్మ పరిగెత్తబోయింది. ఇంతలో ఇంజను ఆగిపోయింది. లైట్లు ఆరిపోయాయి. హజరత్తయ్య ఇసుక మీద కూలబడ్డాడు.

ఎవరూ పిలవకముందే, ఇంజను గొంతు బరువెక్కడం విని, చెంగయ్య దాన్ని ఆపేశాడు. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఎవరికీ ధైర్యం లేకపోయింది.

ప్రాణాపాయం తప్పింది కానీ కుడి అరచేయి కాలింది. ఊరి కాంపౌండరు మందు రాసి కట్టు కట్టాడు. తడి ఇసుక మీద, ఇనపగొట్టానికి ఆనుకుని పడి ఉన్న వైరును కామాక్షమ్మ చూసింది. దాని పైతొడుగు బెత్తెడు మేర చీలిపోయి, లోపలి రాగితీగ ఎర్రగా బయటపడి ఉంది. చెక్కపెట్టెలో తనకు దొరికిన వైరు అదే.

పెళ్లింటివాళ్లు ఆ పూటకు పెట్రోమాక్సు లైట్లు తెప్పించుకున్నారు. రాఘవమ్మ వచ్చి, "రేపు పదిగంటలకు ముహూర్తం. మైకు పలుకుతాదో పలకదో తెల్లారే లోపల చెప్పండి," అని వెళ్లిపోయింది. రైలుపెట్టెలో ముగ్గురే మిగిలారు.

"అది చెడ్డ వైరు," అన్నాడు చెంగయ్య. "బాగుచెయ్యాలని వేరే పెట్టినా. చెక్కపెట్టెలో ఉన్నది చెడ్డది, కొక్కేనికి ఉన్నది మంచిది. పదేండ్లుగా అదే లెక్క. చెప్పినా కదమ్మా, ఎట్టున్నవి అట్ట పెట్టమని!"

"నాకేం తెలుసు మామా అది చెడ్డదని? ఒక్కరోజైనా చెప్పినారా? పెట్టు, తియ్యి, ముట్టుకోబాక అనడమే కదా!" ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "తెలియక తగిలించినా, తప్పే. నేను కాదన్లేదు. కానీ విప్పి పరిచింది మీరు కదా. బెత్తెడు మేర రాగి కనపడతా ఉంటే, మీ కళ్లకెట్ట కనపడలేదు మామా?"

చెంగయ్య గోడకు చేయి ఆనించుకున్నాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

"చాల్లే, ఆపు!" అని హజరత్తయ్య భార్య మీద విరుచుకుపడ్డాడు. చేతి మంట, భయం, పెళ్లింటివాళ్ల ముందు పోయిన పరువు, అన్నీ కలిసి ఆ మాటలో వచ్చాయి. "పెద్దాయన్ని నిలదీస్తావా? నీకు ఈ పెట్టె ఇరుకు. మొదట్నించీ ఇరుకే. ఈ పెళ్లి కాగానే బుచ్చికి, మీ పుట్టింటికి తోలుకపోయి దించుతా. పురుడయ్యేదాకా ఆడనే ఉండు. తర్వాత సంగతి తర్వాత."

"తర్వాత రమ్మంటారో వద్దంటారో అదీ చెప్పండి," అంది ఆమె. అతను మొహం తిప్పుకున్నాడు.

కామాక్షమ్మ తన చీరలు ట్రంకుపెట్టెలో సర్దుకుంది.

తెల్లవారుతుండగా ఆమె లేచింది. కొక్కేలకు వేలాడే చుట్టలను చూడబుద్ధి కాలేదు. తలుపు తీసుకుని సముద్రం వైపు నడిచింది. సరుగుడు తోపులో రాలిన ఆకులు కాళ్ల కింద మెత్తగా ఉన్నాయి. తోపు దాటితే అంతా పొగమంచు. నీళ్లెక్కడ ముగిశాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అలల చప్పుడు మాత్రం ఎవరో పెద్ద చాపలు చుట్టి మళ్లీ పరుస్తున్నట్టు, విరామం లేకుండా వినిపిస్తోంది.

ఒడ్డుకు లాగి ఉన్న తెప్ప మీద ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళితే మామ. ముందు రోజు అన్న మాటలకు కాళ్ల మీద పడాలనిపించి ఆమె ఆయన ఎదురుగా వెళ్లి నిలబడింది. తడి ఇసుకలో అడుగుల చప్పుడు లేదు. రెండు బారల దూరంలో ఉంది. నోరు తెరవబోయి ఆగిపోయింది.

చెంగయ్య ఏడుస్తున్నాడు.

భార్య పోయిన రోజు కూడా కొడుకు ఎదుట కన్నీరు పెట్టని మనిషని హజరత్తయ్య ఎన్నోసార్లు చెప్పాడు. కోడలు లోపలికొస్తే జారిన కండువా సర్దుకునే మనిషి. ఆయన ఇప్పుడు ఆమె మొహంలోకే చూస్తూ, పెదవులు అదురుతుంటే, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. దాచుకోవడం లేదు. పక్కకు తిరగడం లేదు. తల మీదుగా తెల్లటి పక్షుల బారు ఒకటి మంచులోంచి వచ్చి మంచులోకే వెళ్లిపోయింది. ఆయన తలెత్తలేదు.

కిటికీ అంచు మీద పాకిన చేయి, ఖాళీ కొక్కెం దగ్గర ఆగిన చేయి, రెండూ ఒక్కసారిగా ఆమెకు అర్థమయ్యాయి.

"మామా," అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. గబగబా కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఎవురు? అమ్మాయా? ఎంతసేపైంది వచ్చి?"

"ఇంతసేపూ మీ ఎదురుగానే ఉండా మామా."

ఒక అల వచ్చి వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది. చెంగయ్య తల వంచుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది ఆమె, తెప్ప మీద ఆయన పక్కన కూర్చుంటూ.

"రెండేండ్లు దాటింది. మొదట పక్కలు పోయినాయి. ఎదురుగా ఉన్నది మాత్రం వెదురుగొట్టంలోంచి చూసినట్టు కాస్త కనపడేది. మీ పెళ్లినాటికి అంతే. తలంబ్రాలప్పుడు నీ మొహం అంతమాత్రమే చూసినా. ఈ సంక్రాంతి దాటినాక ఆ కాస్తా మూసుకపోయింది. పగలో రాత్రో తెలస్తాది, అంతే. నెల్లూరులో ఒక డాక్టరు చూసి నీటికాసులన్నాడు. పోయిన చూపు రాదన్నాడు."

"మీ కొడుక్కెందుకు చెప్పలేదు?"

"చెప్తే వైరు ముట్టుకోనిస్తాడా? మంచమేసి కూర్చోబెడతాడు. ముప్పై ఏండ్లు ఈ చేతుల్తో కరెంటు పట్టుకున్నోణ్ణి. వైరు లేకపోతే నేనేందమ్మా?" ఆయన అరచేతులు తెరిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఆ పెట్టెలో ఉన్నంతసేపూ నాకు చూపున్నట్టే. ఏది యాడుందో నా చేతులకు తెలుసు. మొన్న నువ్వు మార్చినాక, ఏది ఏందో తెలియలా. చెప్పుకోలేకపోయినా. నిన్న ఆ చుట్ట లావు చూసుకుని ఇదేలే అనుకుని తీసినా. రాఘవమ్మ తొందర పెట్టింది, వేళ్లతో తడుముకుంటా పరిచేదానికి గూడా లేకపోయింది. నా బిడ్డను నేనే చంపుకునేవాణ్ణి."

కామాక్షమ్మ ఏడుస్తూ ఆయన చేయి పట్టుకుంది. తాను ముచ్చటపడి ఒక్క పూటలో ఎత్తి వేరే చోట పెట్టింది ఈయన చూపునే కదా అనిపించింది. "నన్ను క్షమించండి మామా. ఒక్క మాట అడిగి ఉంటే..."

"నీదేం తప్పు లేదు. నువ్వు బిడ్డకు చోటు చూసుకున్నావు. నేను దాచినా." చిన్న గొంతుతో అన్నాడు. "వాడికి చెప్పబాకమ్మా."

మంచులోంచి పొద్దు ఎర్రగా, మెత్తగా పైకి వస్తోంది.

"నేను చెప్పను. మీరే చెప్పాల," అంది చివరికి. "నిన్న చేయి కాలింది. ఈసారి ఏమవుతాదో. లేవండి మామా, నేను తోడుంటా."

హజరత్తయ్య రైలుపెట్టె మెట్టు మీద కూర్చుని ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. భార్య చేయి పట్టుకుని తండ్రి నడిచి రావడం చూసి లేచి నిలబడ్డాడు. చెంగయ్య తిప్పి తిప్పి చెప్పలేదు. "నాకు కళ్లు పోయినాయిరా," అన్నాడు. మిగిలింది నాలుగు మాటల్లో చెప్పాడు.

హజరత్తయ్య చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "జీపు నడపడం మానుకుంటే మోకాళ్ల నొప్పులన్నావే!"

"మోకాళ్లు బాగానే ఉండాయి."

"నా మొహం... నా మొహం గూడా కనపడదా?"

"గొంతు వినపడతాది కదరా. నీ గొంతులోనే నీ మొహం ఉంటాది నాకు."

"ఎట్ట దాచినావు నాయనా? నేనేమన్నా పరాయోణ్ణా?"

"చెప్తే నువ్వు నన్ను కూర్చోబెడతావు."

హజరత్తయ్య ఏదో కాదనబోయి ఆగాడు. "కూర్చోబెట్టేవాణ్ణే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నిజమే నాయనా. కూర్చోబెట్టేవాణ్ణే. నీ చాదస్తం చూసి నవ్వేవాణ్ణి నేను. వెనకాల దాన్ని గూడా నవ్వించినా." తండ్రి భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. చెంగయ్య చేయి కొడుకు తల మీద, చెవుల మీద, బుగ్గల మీద మెల్లగా తిరిగింది.

తోపు దగ్గర నుంచి రాఘవమ్మ గొంతు వినిపించింది. "ఏమైంది చెంగన్నా? మైకు ఉంటాదా, లేక వేరేవాళ్లకు కబురు చెయ్యమంటారా?"

హజరత్తయ్య కుడిచేయి పనికిరాదు. చెంగయ్యకు చూపు లేదు. కామాక్షమ్మ చెంగుతో మొహం తుడుచుకుని ముందుకొచ్చింది.

"పలుకుతాది రాఘవమ్మగారూ. ముహూర్తానికి గంట ముందే పలుకుతాది."

ఇంజను ఆపి ఉంచి, ఒక్కో వైరునూ పూర్తిగా విప్పారు. ఒక కొస నుంచి చెంగయ్య మూడు వేళ్ల మధ్య వైరును జారవిడుస్తూ వచ్చాడు. కామాక్షమ్మ పక్కనే కళ్లతో చూస్తూ వచ్చింది. ఒకచోట ఆయన వేళ్లు ఆగాయి.

"ఈడ చూడు."

"ఏం లేదు మామా. బాగానే ఉండాది."

"గోరుతో నొక్కు."

ఆమె నొక్కింది. వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. ఆమె ఆశ్చర్యంగా ఆయన వైపు చూసింది. ఇంకోచోట ఆయన వేళ్లకు అందని పచ్చటి చిలుము, వైరు కొసనున్న పిన్ను లోపల ఆమెకు కనిపించింది. టేపు ఎలా లాగి చుట్టాలో ఆయన చెప్పాడు. ఆమె చుట్టింది. హజరత్తయ్య ఎడమచేత్తో వైరును తడి ఇసుకకు దూరంగా కట్టెల మీదుగా నడిపించాడు. అన్నీ అయ్యాక చెంగయ్య ఒకసారి కొస నుంచి కొస దాకా తడుముకుంటూ నడిచి వచ్చి, "ఊఁ," అన్నాడు. ఇంజను మొదలైంది. ఆయన తల వంచి దాని గొంతు విన్నాడు. తేలిగ్గా ఉంది.

తొమ్మిదింటికి మైకులో సన్నాయి మోగింది. సముద్రపు గాలి ఆ పాటను సరుగుడు తోపు మీదుగా ఎక్కడికో తీసుకుపోయింది. రాఘవమ్మ స్వయంగా మూడు విస్తళ్లు వడ్డించుకుని వచ్చి రైలుపెట్టెలో పెట్టి వెళ్లింది.

మధ్యాహ్నం పెళ్లి సందడి తగ్గాక కామాక్షమ్మ పీలికలన్నీ విప్పేసింది. "మామా, ఏ కొక్కేనికి ఏది ఉండేదో చెప్పండి. అట్టనే పెట్టేస్తా."

"వద్దమ్మా," అన్నాడు చెంగయ్య. "నీకెట్ట బాగుంటే అట్ట పెట్టు. పెట్టినాక నా చేయి పట్టుకుని ఒకసారి చూపించు. నా చేతులు నేర్చుకుంటాయి."

ఆమె పెట్టింది. తర్వాత ఆయన చేయి పట్టుకుని వెనక గోడ దాకా నడిపించింది. ఇది లావు వైరు, ఇది మైకుది, ఇవి వరస బల్బులవి. చెడ్డ వైరుకు తలుపు బయట వేరే మేకు కొట్టాడు హజరత్తయ్య. చెంగయ్య రెండోసారి ఒక్కడే నడిచాడు. ఒకచోట తప్పాడు, నవ్వాడు, మళ్లీ మొదటి నుంచి నడిచాడు. మూడోసారి తప్పలేదు. ఆమె ట్రంకుపెట్టెను హజరత్తయ్య ఒక్క చేత్తోనే బల్ల కిందికి తోశాడు. "పురుడుకు పోయేది పోవాలనుకో," అన్నాడు మొహమాటంగా. "నెల నిండీ నిండకముందే వచ్చి తోలుకొచ్చుకుంటా."

"చూద్దాంలే," అంది కామాక్షమ్మ. అతను నవ్వేశాడు.

ఎండ తగ్గింది. చెంగయ్య గుమ్మంలో కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. తోపు అవతల అలల చప్పుడు మెల్లగా ఉంది. ఈ రెండేళ్లలో ఆయన ఎవరినీ ఏదీ ఎలా ఉందని అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. పూలు ఏ రంగువో, దారిలో ఎవరెదురయ్యారో, చందమామ ఎంత పెరిగాడో, అన్నీ అడగకుండానే ఊరుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు. "సముద్రం ఎట్టుంది ఇయ్యాళ?"

కామాక్షమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "బాగుంది మామా. నీలంగా ఉండాది."

"అంతేనా?"

చెట్ల సందుల్లోంచి ఆమె మళ్లీ చూసింది. ఈసారి నిదానంగా చూసింది. "అంతే కాదులే మామా. ఒడ్డున బెల్లం నీళ్ల రంగుండాది. కాస్త లోపలికి పోతే పచ్చగా, లేత అరిటాకులా. అవతలెక్కడో నీలం. దాని మీద రెండు తెరచాపలు. ఒకటి తెల్లది, ఒకటి మాసికలేసింది..."

"మాసిక ఏ రంగు?"

"ఎరుపు నాయనా," అన్నాడు వెనక నుంచి హజరత్తయ్య, వచ్చి వాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చుంటూ. "ఇటుక ఎరుపు."

చెంగయ్య కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు.

"ఊఁ, చెప్పండి," అన్నాడు. "తొందరేం లేదు. మెల్లిగా చెప్పండి."